చెమట ఆగిన షెడ్డు

ఆ ఏడాది మార్చి రెండో వారానికల్లా నవాంకుర బయోటెక్ హార్డెనింగ్ షెడ్డులో పనిచేసే పధ్నాలుగుమంది ఆడవాళ్లకీ చెమట పట్టడం ఆగిపోయింది. మొదట దాన్ని ఎవరూ జబ్బనుకోలేదు. అదృష్టం అనుకున్నారు.

కడియం దాటాక హైవే పక్కన ఉంటుందా షెడ్డు. కాలవగట్టు మీదుగా సైకిళ్లు తొక్కుకుంటూ వచ్చేసరికి మామూలుగా ఎవరికైనా జాకెట్టు తడిసి వీపుకి అతుక్కుపోవాలి. ఆ మార్చిలో అలా జరగలేదు. ఒక పెళ్లికి వెళ్లొచ్చి నేరుగా పనిలోకి దిగిన అచ్చియ్యమ్మ మొహాన పౌడరు మధ్యాహ్నం అన్నాల వేళదాకా చెక్కు చెదరలేదు. అందరూ ఆమె చుట్టూ చేరి, ఏం రాశావో చెప్పమని ఏడిపించారు. ఆమె తోడికోడలు భ్రమరాంబ ఆ షెడ్డుకి మేస్త్రి. తమ గుంపులో ఎవరికీ చెమట పట్టట్లేదని మేనేజరుకి నవ్వుతూనే చెప్పింది. ఆయన కూడా నవ్వి, చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

వాళ్ల పని సీసాల్లోంచి ఆర్కిడ్ పిల్లల్ని బయటికి తీసి, ఇళ్లలో బతకడం నేర్పడం. సీసాలో పెరిగిన మొక్కకి దాహమంటే తెలీదు. తియ్యటి జిగురులో వేళ్లు, చుట్టూ నిండా తేమ, మూసిన మూత. ఆకు మీద మైనప్పొర ఉండదు. ఆకు అడుగునున్న సన్నటి రంధ్రాలకి మూసుకునే అవసరం ఎప్పుడూ రాలేదు కాబట్టి అవి తెరుచుకునే ఉంటాయి. అలాంటి మొక్కని తెచ్చి హైదరాబాదులో ఎవరి ఏసీ గదిలోనో పెడితే ఒక్క పూటలో వడిలి పడిపోతుంది. అందుకే గోరువెచ్చటి నీళ్లతో వేళ్లకంటిన జిగురు కడిగి, బొగ్గుముక్కలూ కొబ్బరిచిప్పల పెచ్చులూ నింపిన ట్రేలలో నాటి, పైనుంచి మంచులా నీటితుంపర పడే గదిలో ఉంచాలి. వారం వారం ఆ తుంపర కొంచెం కొంచెం తగ్గిస్తూ రావాలి. చివరికి ‘హాలు’లోకి మార్చాలి. అది షెడ్డు చివరనున్న ఏసీ గది. ట్యూబులైట్లు, కిటికీకి పరదా, పొడి గాలి, అచ్చం అపార్టుమెంట్లో ముందుగదిలా ఉంటుందని ఆడవాళ్లు దానికి ఆ పేరు పెట్టారు. ఇదంతా అయ్యేసరికి నాలుగు నెలలు పట్టేది. భ్రమరాంబ వేలితో ఆకుని తడిమి, ఏ ట్రేకి ఎప్పుడు నీరు తగ్గించాలో చెప్పేది. అయినా నూటికి నలభై చచ్చిపోయేవి.

ఆ నలభైని రెండుకి తగ్గించింది డాక్టర్ హైమవతి.

ఆమె ఆ కంపెనీ ప్రయోగశాలకి పెద్ద. తూర్పు కనుమల్లో ఒక మద్దిచెట్టు కొమ్మ మీద, వేసవంతా వానచుక్క లేకుండా బతికే అడవి ఆర్కిడ్ ఒకటి ఆమె కంటబడింది. దాని వేళ్లలో కాపురముండే బూజు ఒక ప్రొటీన్ తయారుచేస్తోందనీ, ఆ ప్రొటీన్ తగిలితే ఆకురంధ్రాలు గట్టిగా మూసుకుంటాయనీ ఆరేళ్లు కష్టపడి తేల్చింది. దాన్ని నీళ్లలో కలిపి తుంపరగా కొడితే సీసా మొక్క నాలుగు నెలల్లో నేర్చుకునేది మూడు రోజుల్లో నేర్చుకుంది. కంపెనీ యజమాని ప్రభంజన్ దానికి ‘ముద్ర’ అని పేరు పెట్టాడు. నవంబరు నుంచి షెడ్డు పైకప్పు గొట్టాల్లోంచి నీళ్లకి బదులు ముద్ర కలిపిన నీళ్లు కురవడం మొదలైంది. ట్రేల మధ్య కూర్చుని మొక్కలు నాటే ఆడవాళ్ల మీదా అదే కురిసింది. మాస్కులిచ్చారు. తుంపరకి పదినిమిషాల్లో తడిసి ముక్కుకి అతుక్కుపోయి ఊపిరాడకపోయేసరికి తీసేశారు. మళ్లీ ఎవరూ ఆ మాటెత్తలేదు.

మనుషులకి హాని లేదని రాసిన కాగితం మీద సంతకం హైమవతిదే. జంతువుల మీద పరీక్షలు చేయించాలంటే ఏడాది పడుతుందని, బూజులోంచి వచ్చిందే కదా, మనం రోజూ తినే ఇడ్లీపిండి పులిసేదీ సూక్ష్మజీవుల వల్లనే కదా అని ప్రభంజన్ అన్నాడు. ఆ రెండింటికీ పోలిక లేదని ఆమెకి తెలుసు. కానీ ఆరేళ్ల పని కళ్లముందు పచ్చగా నిలబడి ఉంది. సంతకం పెట్టింది.

ఏప్రిల్లో తలనొప్పులు మొదలయ్యాయి. ఇద్దరు ముగ్గురు మధ్యాహ్నం పూట ఇంటికెళ్తూ దారిలో కూలబడ్డారు. ఒళ్లు కాలిపోతోందని జ్వరం మాత్రలు వేసుకున్నారు. షెడ్డులోకొచ్చి హాలులో కాసేపు కూర్చుంటే తగ్గిపోయేది కాబట్టి, ఇంటి దగ్గర కంటే పనిలోనే సుఖంగా ఉందని చెప్పుకున్నారు.

మే పదకొండు ఆదివారం. అచ్చియ్యమ్మ ఉదయం పదకొండింటికి మాగాయ ముక్కలు ఎండబెట్టడానికి డాబా ఎక్కింది. పాతచీర పరిచి, ముక్కలు ఒక్కొక్కటీ విడదీసి పెట్టడం అరగంట పని. కింద భ్రమరాంబ మెంతులు వేయిస్తోంది. మెంతులు వేగి, చల్లారి, దంచడం కూడా అయిపోయాక, తోడికోడలు ఇంకా దిగలేదని గుర్తొచ్చి పైకెళ్లింది. అచ్చియ్యమ్మ చీర అంచున పక్కకి ఒరిగి పడుంది. చేతిలో ముక్కలు అలాగే ఉన్నాయి. ఒళ్లు ముట్టుకుంటే అట్లపెనంలా ఉంది. ఎక్కడా తడి లేదు. మెడ మీద, చంకల్లో, నుదుటి మీద, ఎక్కడా ఒక్క చెమటబొట్టు లేదు.

ఆటోలో ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. డాక్టరు చూసి వడదెబ్బ అని రాశాడు. ఆమె భర్త వీర్రాజు లారీ లోడుతో తుని దాటి వెళ్లినవాడు సాయంత్రానికి తిరిగొచ్చాడు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని, వడదెబ్బేంటి వదినా, అరగంటే కదా అని అడిగాడు. పొద్దస్తమానం ఎండలో నారు తీసి, గడ్డి కోసి, ఇటుకలు మోసి ఇరవయ్యేళ్లు బతికిన మనిషి అరగంటలో ఎలా పోయిందన్నదే అతని ప్రశ్న. 

మూడోరోజున హైమవతి పరామర్శకి వెళ్లింది. షెడ్డులో పనిచేసే మనిషి పోయిందని విన్నదే గాని అంతకుమించి ఏమీ తెలీదు. ఇంటి ముందు రేకుల వసారాలో చాప వేసి కూర్చోబెట్టారు. కరెంటు లేదు. కూర్చున్న ఐదు నిమిషాలకే హైమవతి చీర వీపున తడిసిపోయింది. పమిటతో మెడ తుడుచుకుంటుంటే భ్రమరాంబ ఆమెనే చూస్తూ ఉండిపోయింది.

“మీకు పడుతోందండి,” అంది మెల్లగా.

హైమవతికి అర్థం కాలేదు.

“చెమటండి. మాకెవరికీ పట్టట్లేదు. రెండు నెలలైంది. చూడండి.”

భ్రమరాంబ చెయ్యి చాచింది. హైమవతి ఆ చేతిని పట్టుకుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, రేకు వసారా కింద, పక్కన పొయ్యి ఇంకా ఆరలేదు. ఆ చెయ్యి మాత్రం పొడిగా, వేడిగా ఉంది. హైమవతి ఆ మణికట్టు తిప్పి చూసింది. షెడ్డులో ఇంకెవరికిలా ఉందని అడిగింది. అందరికీ అని భ్రమరాంబ చెప్పింది. ఆఫీసులో ఎవరికీ లేదని, మందు గొట్టాల కింద కూర్చునే వాళ్లకే అని కూడా చెప్పింది.

ఆమె అక్కణ్ణించి ఇంటికి పోలేదు. ప్రయోగశాలకే వెళ్లింది.

అక్కడ తన పాత నోటుపుస్తకాలు తీసి చదివింది. మూడేళ్ల కిందటి పేజీలో తన చేతిరాతే ఉంది. ముద్ర తగిలిన పాత ఆకులు మళ్లీ తెరుచుకోవడం లేదు, కొత్తగా పుట్టే ఆకులే మామూలుగా ఉన్నాయి, కారణం చూడాలి అని రాసుకుంది. ఆ కారణం ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. ఆకురంధ్రం తెరుచుకోవాలంటే కణం పొరలో ఒక చిన్న తలుపులోంచి ఉప్పు అటూ ఇటూ కదలాలి, దాని వెంట నీరు కదలాలి. ముద్ర పోయి ఆ తలుపుకి గొళ్లెం పెడుతుంది. మనిషి చెమటగ్రంథిలోనూ అలాంటి తలుపే ఉంది. ఆకారం కూడా దగ్గరిదే. ఊపిరితో లోపలికి పోయి, రక్తంలో కలిసి, ఆర్నెల్లపాటు రోజుకి ఎనిమిది గంటలు, ఆ గొళ్లెం ఒక్కొక్క తలుపుకీ పడుతూ వచ్చింది.

ఆకైతే రాలిపోయి కొత్తది పుడుతుంది. చెమటగ్రంథి మనిషికి కొత్తగా పుట్టదు.

మర్నాడు ఆమె పరీక్ష చేసింది. అది వైద్య కళాశాలల్లో ఎప్పటినుంచో ఉన్న తేలికైన పరీక్షే. చేతికి అయోడిన్ రాసి ఆరనిచ్చి, పైన గంజిపొడి చల్లి, వేడిగా ఉన్నచోట కూర్చోబెట్టాలి. చెమట పట్టినచోటల్లా పొడి నల్లటి నీలం రంగుకి తిరుగుతుంది. హైమవతి ముందు తన చేతికి రాసుకుంది. పావుగంటలో మోచేతిదాకా నీలపు చుక్కలు పొడిచాయి. తర్వాత పదమూడుమంది వరసగా కూర్చున్నారు. ఇరవై నిమిషాలు గడిచినా పదమూడు చేతులూ పసుపు మీద తెల్లపొడిగానే ఉండిపోయాయి.

ఆ ఫలితాలు పట్టుకుని ఆమె ప్రభంజన్ గదికి వెళ్లింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషతను. కాగితాలన్నీ ఓపిగ్గా చదివాడు. గోదావరి జిల్లాల్లో మే నెలలో వడదెబ్బకి పోయేవాళ్లు ఏటా ఉంటారని, అచ్చియ్యమ్మ పోయింది ఆదివారం, తన సొంత డాబా మీద అని, షెడ్డులో కాదని అన్నాడు. తుంపర వెంటనే ఆపించమని హైమవతి అడిగింది. డిసెంబరు దాకా ఆర్డర్లున్నాయని, మాస్కులు మంచివి తెప్పిస్తానని అతనన్నాడు. ఆమె పట్టుబట్టింది. చూద్దాం, రెండు వారాలు టైమివ్వండి అన్నాడు.

ఆ రెండు వారాలూ హైమవతి ఇంట్లో సరిగా అన్నం తినలేదు. భర్త గోపీనాథ్ ఇంటర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఇద్దరూ ముందుగదిలో విసనకర్రలతో కూర్చున్నప్పుడు అంతా చెప్పింది. చెబుతుంటే ఆమె మోచేతి మీంచి ఒక చెమటచుక్క జారి గచ్చు మీద పడింది. దాన్ని చూసి ఆగిపోయింది. ఒంట్లోంచి నీరు కారడానికి సిగ్గుపడాల్సిన రోజు వస్తుందని ఆమె అనుకోలేదు. నువ్వొక్కదానివే కాదుగదా, కంపెనీ నిర్ణయం అది అని గోపీనాథ్ సముదాయించబోయాడు. సంతకం నాదేనండీ అంది. 

పదిహేనో రోజున ప్రభంజన్ కబురుపెట్టాడు. అతని బల్లమీద ఒక భవనం బొమ్మ ఉంది. షెడ్డు పక్కనే ఏసీ వసతిగృహం. పదమూడుమందికీ మంచాలు, వంటశాల, టీవీ. షెడ్డుకీ దానికీ మధ్య కప్పున్న దారి. ఎండన్నది వాళ్ల మీద పడదు. వాళ్ల ఆరోగ్యం కోసం కంపెనీ చేస్తున్న మేలు అని, జూన్ మొదటి వారంలో మొదలవుతుందని చెప్పాడు. దానికి ఒప్పుకుంటూ వాళ్లు సంతకాలు చెయ్యాలి. అందులో, తమ శరీరస్థితికి పనితో సంబంధం లేదని ఒక వాక్యం కూడా ఉంది.

“వాళ్ల ఇళ్లూ, పిల్లలూ?” అని అడిగింది హైమవతి.

ఇంటివాళ్లు ఆదివారాలు వచ్చి చూసుకోవచ్చని అతనన్నాడు. తర్వాత సొరుగులోంచి ఇంకో ఫైలు తీసి ఆమె ముందుకి జరిపాడు. ఇది మీకు నచ్చుతుంది, దీనికి కూడా మీరే పెద్దగా ఉండాలి అన్నాడు.

ముంబయిలోని ఒక సౌందర్య సాధనాల కంపెనీకి రాసిన ఉత్తరం అది. చెమట పట్టకుండా శాశ్వతంగా ఆపే క్రీము. మనుషుల మీద పనితనం ఇప్పటికే రుజువైందని, పధ్నాలుగుమంది ఆడవాళ్లలో పధ్నాలుగుమందికీ నూటికి నూరు పాళ్లు ఫలితం కనిపించిందని, ఎలాంటి ఫిర్యాదులూ లేవని అందులో రాసి ఉంది. హైమవతి రెండుసార్లు చదివింది. మూడోసారి పైనున్న తేదీ చూసింది. మార్చి పంతొమ్మిది.

భ్రమరాంబ నవ్వుతూ చెప్పిన మాటని మేనేజరు పుస్తకంలో రాసుకున్న వారానికి రాసిన ఉత్తరం. అచ్చియ్యమ్మ డాబా ఎక్కడానికి యాభైమూడు రోజుల ముందు.

“అంటే మీకు తెలుసు,” అంది హైమవతి.

“ఏం తెలుసు?”

“వీళ్ల ఒంట్లో ఏదో ఆగిపోయిందని తెలుసు. తెలిసి గొట్టం కట్టేయలేదు. కూర్చుని ఉత్తరం రాశారు.”

ప్రభంజన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆవేశపడితే ముందు ఇరుక్కునేది ఆమేనని, భద్రతా పత్రం మీద తన సంతకం లేదని, ఆమెదే ఉందని, ఆ విషయం బయటికి రాకుండా చూసుకునే బాధ్యత తనదని మర్యాదగానే చెప్పాడు. హైమవతి ఫైలు చేతిలో పట్టుకుని లేచింది. చదివి ఇస్తానంది. అతను అడ్డు చెప్పలేదు. ఆమె దారికొచ్చిందనే అనుకున్నాడు.

ఆ సాయంత్రం వసతిగృహం సంగతి చెప్పడానికి మేనేజరు ఆడవాళ్లందర్నీ హాలులో కూర్చోబెట్టాడు. ఏసీ చల్లగా వీస్తోంది. చుట్టూ అరల్లో వేలకొద్దీ ఆర్కిడ్ పిల్లలు ట్యూబులైట్ల కింద నిలబడి ఉన్నాయి. మేనేజరు టీవీ గురించీ, మంచాల గురించీ చెప్పాడు. కొందరికి ఆశ పుట్టింది. ఎందుకు పుట్టదు? బయట నలభై మూడు డిగ్రీలు. ఇంటికెళ్లే దారిలో ఎక్కడ పడిపోతామో అన్న భయం. కాగితాలు పంచారు. పెన్ను ముందుగా భ్రమరాంబకి ఇచ్చారు.

ఆమె పెన్ను తీసుకోలేదు. కాసేపు అరల వైపు చూసి, మేనేజరుని అడిగింది.

“ఈ మొక్కల్ని ఇక్కడ పెట్టేదెందుకండి?”

ఇళ్లలో గాలికి అలవాటు పడ్డానికి అని మేనేజరు చెప్పాడు. ఆ పనే ఇరవయ్యేళ్లుగా చేస్తున్న మనిషి అలా అడగడమేంటో అతనికి అర్థం కాలేదు.

“మరి మమ్మల్నెందుకండి? మేం ఎండలో పుట్టేం. ఎండలో పెరిగేం. మా ఇళ్లు బయటున్నాయి. మా ఒంట్లో ఉన్నది మీరు తీసేసి, ఇప్పుడు ఈ గదిలో అయితే బతుకుతారు, బయటికెళ్తే చస్తారు అంటన్నారు. మీరు పెట్టేది మేలా అండి? అది మీరే అట్టే పెట్టుకోండి. పోయిన మనిషికి వడదెబ్బని రాశారు. ముందు ఆ మాట తీయించండి.”

కాగితాలు బల్లమీదే ఉండిపోయాయి. ఒక్కొక్కరే లేచి, తువ్వాళ్లు కుళాయి కింద తడిపి నెత్తిన కప్పుకుని బయటికి నడిచారు. గేటు దగ్గర హైమవతి తన కారు పక్కన నిలబడి ఉంది. భ్రమరాంబ చేతిలో ఆ ఉత్తరం జిరాక్సు పెట్టి, అందులో ఏముందో అక్కడే, అందరూ వినేలా, ప్రతి వాక్యం తెలుగులో చెప్పింది. తన సంతకం గురించి కూడా దాచకుండా చెప్పింది.  అందరికంటే చిన్నదైన మంగతాయారు ఒక్కతే, అయితే మీరు మమ్మల్ని చంపేశారండి అంది. హైమవతి తలవంచుకుని, అవునమ్మా అంది.

వీర్రాజు పేరుమీద, పదమూడుమంది వేలిముద్రలూ సంతకాలతో కలెక్టరు ఆఫీసుకి అర్జీ వెళ్లింది. దాంతోపాటు హైమవతి నోటుపుస్తకాల నకళ్లు, ముంబయికి రాసిన ఉత్తరం వెళ్లాయి. కంపెనీ ఆమెని ఉద్యోగంలోంచి తీసేసి, రహస్యాలు దొంగిలించిందని నోటీసు పంపింది. పత్రికలో ఒక మూలన, మతి చలించిన శాస్త్రవేత్త అన్నట్టుగా వార్త కూడా వచ్చింది. గోపీనాథ్ కాలేజీలో సహోద్యోగులు ఆయన పక్కన కూర్చోవడం మానేశారు. ఆయన ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. హైమవతికి వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

జూన్ ఇరవైన పంచాయతీ సమావేశ మందిరంలో విచారణ పెట్టారు. వానలు ఇంకా రాలేదు. ఉదయం పదకొండింటికే రేకులు సెగలు కక్కుతున్నాయి. కంపెనీ తన మనుషుల్ని ఏసీ బస్సులో తెచ్చింది. ఆడవాళ్లని కూడా అందులో ఎక్కమంటే ఎక్కలేదు. వీర్రాజు రెండు ఆటోలు మాట్లాడి, ఒక్కొక్కదాంట్లో ఒక మంచుగడ్డల బస్తా వేయించి తీసుకొచ్చాడు.

విచారణ అధికారిణి నడివయసు మనిషి. ఎవరి పక్షమో మొహం చూస్తే తెలిసేది కాదు. కంపెనీ వకీలు గంటసేపు మాట్లాడాడు. వడదెబ్బ మరణం, ఆదివారం, సొంత ఇల్లు. చెమట తగ్గడానికి వంద కారణాలుంటాయి, వయసు, రక్తహీనత, నీళ్లు తక్కువ తాగడం. ఈ స్త్రీలకి తమ ఒంటి గురించి సరిగా తెలీదు, వీళ్లని ఉద్యోగం పోయిన ఒక ఉద్యోగిని రెచ్చగొడుతోంది. అధికారిణి అన్నీ రాసుకుంది.

హైమవతి వంతు వచ్చింది. ఆమె సంచిలోంచి అయోడిన్ సీసా, దూది, గంజిపొడి డబ్బా తీసి బల్లమీద పెట్టింది. ఫ్యాన్లు ఆపించమని అడిగింది. ఆడవాళ్లు ఎంతసేపు తట్టుకోగలరని అధికారిణి అడిగితే, ఇరవై నిమిషాలు, అంతకుమించి ఒక్క నిమిషం కూడా వద్దని చెప్పింది. మంచుబస్తాలు దగ్గరికి లాక్కుని వీర్రాజు సిద్ధంగా నిలబడ్డాడు.

పదమూడుమంది చేతులకీ రాసింది. పొడి చల్లింది. వకీలు లేచి, దీనికి ప్రామాణికత లేదని, ఆ పొడిలో ఏం కలిపారో ఎవరికి తెలుసని అభ్యంతరం చెప్పాడు. అధికారిణి ఒక్కక్షణం ఆలోచించి, గాజులు పైకి తోసి, తన చెయ్యి బల్లమీద చాపింది.

“నాకూ రాయండి,” అంది.

ఫ్యాన్లు ఆగాయి. మందిరంలో ఉన్న ప్రతివాడి చొక్కా మీదా మెల్లగా మచ్చలు పాకడం మొదలైంది. వకీలు మెడపట్టీ వదులు చేసుకున్నాడు. ఏడో నిమిషంలో అధికారిణి మణికట్టు దగ్గర ఒక నీలపు చుక్క పొడిచింది. దాని పక్కన ఇంకోటి. పన్నెండో నిమిషానికి ఆమె ముంజేయి నిండా సిరా ఒలికినట్టయింది. ఆమె ఆ చేతిని అలాగే పైకెత్తి పట్టుకుని, లేచి, వరస పొడవునా నడిచింది. ఒక్కొక్క చేతి దగ్గరా ఆగి చూసింది. పసుపు మీద తెల్లపొడి. పసుపు మీద తెల్లపొడి. మంగతాయారు దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల మొహం ఎర్రగా కమిలి, కళ్లు మూతలు పడుతున్నాయి. ఒంటిమీద తడి మాత్రం లేదు. ఇరవై నిమిషాలు కాలేదు. అయినా అధికారిణి వెనక్కి తిరిగి, ఫ్యాన్లు వెయ్యండి, మంచు తీసుకురండి అంది. అంతవరకూ ఏ రంగూ లేని ఆమె గొంతు మొదటిసారి గట్టిగా మోగింది.

తర్వాత ఈ పదార్థం ఎవరు తయారుచేశారని అడిగింది. ప్రభంజన్ వైపు చూసే అడిగింది.

“నేనండి,” అంది హైమవతి. “హాని లేదని సంతకం పెట్టిందీ నేనే. పరీక్షించకుండా పెట్టాను. ముద్దాయిల్లో నా పేరు మొదట రాయండి. రెండో పేరు, మార్చి పంతొమ్మిదిన తెలిసీ ఆపనివాళ్లది.”

వకీలు ఏదో చెప్పబోయాడు. ప్రభంజన్ అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. అతని నుదుటి నుంచి చెమట ధారగా కారి కళ్లజోడు మీద పడుతోంది.

షెడ్డుకి ఆ సాయంత్రమే తాళం పడింది. అంతటితో న్యాయం జరిగిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. కంపెనీ కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంది. మూడు వారాల తర్వాత స్టే కొట్టేశారు. మళ్లీ తెచ్చుకుంది. ముద్రతో పెరిగిన మొక్కలు అప్పటికే వేల ఇళ్లకి చేరిపోయాయి, వాటిని ముట్టుకున్నవాళ్లకి ఏమీ కాదని హైమవతే పరీక్షించి పత్రికలకి రాసింది. ప్రభంజన్ ముందస్తు బెయిలు మీద తిరుగుతున్నాడు. హైమవతికి బెయిలు తొమ్మిది రోజుల తర్వాత వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ ఆమె జైల్లోనే ఉంది. రెండో పేరు మాత్రం బయటే ఉంది. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా గోపీనాథ్ పళ్లు కొరుక్కునేవాడు. హైమవతి మాత్రం, నా తొమ్మిది రోజులు నాకు రావలసినవే, అతనివి ఎక్కడికి పోయాయో అడగండి అనేది.

బయటికొచ్చాక ఆమె ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో జీతం లేకుండా కూర్చునేందుకు అనుమతి సంపాదించింది. ఆ గొళ్లెం తీసే పదార్థం కోసం వెతుకుతోంది. అడవి ఆర్కిడ్ వానలు రాగానే తన రంధ్రాలు మళ్లీ ఎలా తెరుస్తుందో, ఆ బూజుని ఏది ఆపుతుందో అక్కడ మొదలుపెట్టింది. దొరుకుతుందని ఎవరికీ మాటివ్వలేదు.

సెప్టెంబరులో, ముసురు పట్టిన ఒక పొద్దున, భ్రమరాంబ, వీర్రాజు ఆ పరిశోధనశాల దాకా బస్సులో వచ్చారు. వీర్రాజు చొక్కా లోపలనుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన కాగితం తీశాడు. అచ్చియ్యమ్మ మరణ ధ్రువీకరణ పత్రం. దిద్దినది. వైద్యుల బృందం నివేదిక చూశాక కొత్తగా ఇచ్చారు. అందులో ఇంగ్లీషు ఉందని, చదవమని భ్రమరాంబ అడిగింది.

హైమవతి నిలబడే చదివింది. పేరు, కడియం అచ్చియ్యమ్మ. వయసు ముప్పై నాలుగు.  మరణకారణం తెలుగులో చెప్పింది: పనిచేసేచోట రసాయనం వల్ల చెమటగ్రంథులు పాడై, ఒంటివేడి దిగక మరణం.

వీర్రాజు మళ్లీ చదవమన్నాడు. ఆమె చదివింది. అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వసారా బయట వాన కురుస్తూనే ఉంది. భ్రమరాంబ కాగితాన్ని తీసుకుని, మడత చెరగకుండా మళ్లీ కవర్లో పెట్టి, కవరుని రొంటిన దోపుకుంది. హైమవతి ఏదో చెప్పబోయింది, క్షమించమనే కావచ్చు. భ్రమరాంబ వినిపించుకోలేదు. గదిలోపల బల్లమీదున్న సీసాల వైపు, గాజుపలకల వైపు, తెరిచున్న నోటుపుస్తకం వైపు చూసింది.

“పోయినదానికి మాట దిద్దేరు,” అంది. “ఉన్నవాళ్లం పదమూడుమందిమి. మళ్లీ మే వస్తుందండి. వెళ్లి పని చూసుకోండి.”